రెండు తెరలు, ఒక పట్టుచీర

పోయిన నెల వీడియో ఎడిటింగ్ కంప్యూటర్‌లో ర్యామ్ ఎంత ఉండాలో రాశాను. తర్వాత వచ్చిన ఉత్తరాలు చూస్తే ర్యామ్ సంగతి ఎవరికీ పట్టినట్టు లేదు. సగానికి పైగా మానిటర్ల గురించే. ఒకటి చాలా, రెండు కావాలా, రెండూ ఒకలాంటివే కొనాలా, ఇంట్లో టీవీ తగిలిస్తే కుదురుతుందా! అందుకే ఈసారి మిగతా ప్రశ్నలు పక్కన పెట్టి ఇవే తీసుకున్నాను. చాలామంది పేరు వేయొద్దన్నారు కాబట్టి ఊరి పేరుతో సరిపెడుతున్నాను.

నరసరావుపేట నుంచి ఒక ఎడిటర్: సార్, తొమ్మిదేళ్లుగా పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తున్నాను. ఇప్పుడున్నది 24 అంగుళాల మామూలు మానిటర్ ఒక్కటే. నలభై వేలు పక్కన పెట్టాను. ఒకే మోడల్ 27 అంగుళాల 4కె మానిటర్లు రెండు తీసుకోమని షాపతను అంటున్నాడు. ఒకే మోడల్ అయితే రంగులు రెండింటిలో ఒకేలా ఉంటాయి కదా? మేం తీసేది కూడా 4కెలోనే.

ఒకే మోడల్‌వి, ఒకే రోజు, ఒకే షాపులో కొన్నా రంగులు అచ్చంగా ఒకేలా ఉంటాయని నమ్మకండి. రెండూ పక్కపక్కన పెట్టి ఖాళీ తెల్ల పేజీ తెరవండి. ఒకటి కాస్త పసుపుగా, రెండోది కాస్త నీలంగా కనపడటం మామూలే. ఆ తేడా సరిచేయడానికి బటన్లు నొక్కుతూ కూర్చున్న రాత్రులు నాకు తెలుసు. తెల్లారుతుంది తప్ప తేడా పోదు.

నేను చెప్పేది వేరు. ఆ డబ్బులో ఎక్కువ భాగం ఒకే ఒక్క మంచి మానిటర్ మీద పెట్టండి. రంగు విషయంలో దాని మాటే ఫైనల్. రెండోదిగా మీ పాత 24 అంగుళాలదే ఉంచుకోండి. టైమ్‌లైన్‌కి (క్లిప్పులు వరుసగా పేర్చే పట్టీ), క్లిప్పుల ఫోల్డర్లకి, పాటల లిస్టుకి అది చాలు. టైమ్‌లైన్ బూడిద రంగు కాస్త అటూ ఇటూ అయిందని పెళ్లికూతురి తండ్రి వచ్చి నిలదీయడు.

చీర రంగు మారితే మాత్రం వస్తాడు. నా దగ్గరికి వచ్చాడు. 2010 ప్రాంతం, అప్పుడు తెనాలిలో నాకు షాపు ఉండేది. ముచ్చటపడి కొత్త ఎల్‌సీడీ మానిటర్లు రెండు కొన్నాను. లోపల ఉన్నది టీఎన్ అనే రకం ప్యానెల్, అంటే బొమ్మ చూపించే పలక. అప్పట్లో చవక మానిటర్లు చాలావరకు అవే. తల కాస్త పైకెత్తి చూస్తే బొమ్మ వెలిసిపోయినట్టు, కిందికి దించితే నల్లబడినట్టు ఉండేది. దానికి తోడు పెట్టెలోంచి తీసిన సెట్టింగులోనే తెర బాగా నీలంగా ఉంది. ఆ నీలం తెరదని నాకు తెలీదు, మా కెమెరాదనుకున్నాను. ముహూర్తం నుంచి తలంబ్రాల దాకా ఎర్రదనం పెంచేశాను.

పెళ్లికూతురిది రాణి రంగు పట్టుచీర, చిలకాకుపచ్చ అంచు. డీవీడీలు ఇచ్చిన మూడో రోజు ఆ అమ్మాయి తండ్రి సంచితో షాపుకొచ్చాడు. ఏమీ మాట్లాడకుండా సంచిలోంచి చీర తీసి నా బల్ల మీద పరిచాడు. "ఇది మా అమ్మాయి చీర. మీ వీడియోలో ఉన్నది ఎవరి చీర?" అన్నాడు. ఆయనది బట్టల కొట్టు. రంగుల దగ్గర ఆయనకి సర్దిచెప్పడం నా వల్ల అయ్యే పని కాదు. పక్క షాపులో టీవీలో వేసి చూశాం. రాణి రంగు ఇటుక రంగుకి తిరిగింది. చిలకాకుపచ్చ ఎండిన ఆకులా ఉంది. మూడు గంటల పెళ్లిని మొదటి నుంచి మళ్లీ సరిచేశాను, ఈసారి చీరని బల్ల మీదే పెట్టుకుని. వారం రోజులు ఆ చీర మా ఇంట్లోనే ఉంది. దాని వంక మా ఆవిడ చూసిన చూపులు ఇంకో కథ.

కాబట్టి మీరు కొనే మంచి మానిటర్‌లో మొదట చూడాల్సింది ఐపీఎస్ ప్యానెల్. తల అటూ ఇటూ తిప్పినా రంగు పెద్దగా మారదు. తర్వాత, ఎస్ఆర్‌జీబీ లేదా రెక్ 709 నూటికి నూరు శాతం అని ఉండాలి. రెక్ 709 అంటే హెచ్‌డీ టీవీల కోసం పెట్టుకున్న రంగుల కొలత. యూట్యూబ్‌లో మామూలు వీడియోలకీ అదే. ఎస్ఆర్‌జీబీ కంప్యూటర్ల కొలత. ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఎంత గాఢంగా ఉండొచ్చన్న హద్దులు రెండింటికీ ఒకటే. తెలుపు కూడా ఒకటే, 6500 కెల్విన్ (తెలుపు ఎంత పసుపుగా, ఎంత నీలంగా ఉందో చెప్పే కొలత) దగ్గర ఉంటుంది.

షాపులో '95 శాతం డీసీఐ-పీ3' అన్న స్టిక్కర్ చూపించి ఇంకా గొప్పది అంటారు. పీ3 సినిమా హాళ్ల ప్రొజెక్షన్ కోసం పుట్టింది, దాని హద్దులు పెద్దవి. మీరు సినిమా హాలుకి పని చేయట్లేదు. ఆ మానిటర్‌ని సరైన మోడ్‌లో పెట్టకుండా వాడితే కుంకుమ బొట్టు రంగు బల్బులా వెలుగుతుంది. ఎక్కువైందనుకుని మీరు తగ్గిస్తారు. పెళ్లివాళ్ల ఇంట్లో టీవీలో అదే బొట్టు వెలవెలబోతుంది. పీ3 మానిటర్ కొంటే తప్పేమీ లేదు, దాని మెనూలో ఎస్ఆర్‌జీబీ లేదా రెక్ 709 మోడ్ ఉందో లేదో చూసి కొనండి, పని చేసేటప్పుడు అందులోనే ఉంచండి.

ఇక 4కె, అంటే 3840 బై 2160 చుక్కలు (పిక్సెల్స్) ఉన్న బొమ్మ. 4కెలో తీస్తే 4కె మానిటర్ ఉండి తీరాలన్నది అమ్మేవాళ్ల లెక్క. ఎడిటింగ్ చేసేటప్పుడు బొమ్మ కనపడేది తెరలో ఒక మూల ఉన్న డబ్బాలో. మీకు 27 అంగుళాల్లో 2560 బై 1440 ఉన్నది చాలు. అంగుళానికి 109 చుక్కలు వస్తాయి, మీ పాత 24 అంగుళాలది 92. రెండూ దగ్గరదగ్గరే కాబట్టి కిటికీని (విండోని) ఒక తెర నుంచి ఇంకో తెరకి లాగితే అక్షరాలు ఒక్కసారిగా చిన్నవీ పెద్దవీ అయిపోవు. 27 అంగుళాల 4కెలో 163 చుక్కలు. విండోస్‌లో 150 శాతానికి పెంచుకుంటే తప్ప మెనూలు చదవలేరు. 27 అంగుళాల్లో 1920 బై 1080 మాత్రం వద్దు. అంగుళానికి 82 చుక్కలే, అక్షరాలు గరుగ్గా కనపడతాయి.

ఉదాహరణకి ఆసుస్ ప్రోఆర్ట్‌లో పీఏ278క్యూవీ అనే మోడల్ ఉంది. 27 అంగుళాలు, 1440, ఐపీఎస్, ఎస్ఆర్‌జీబీ నూరు శాతం. అదే కొనమని కాదు, ఈ తరహాది వెతకండి. మిగిలిన డబ్బుకి ఇంకొంచెం కలిపి రంగు కొలిచే పరికరం కొనండి. కాలిబ్రైట్, డేటాకలర్ స్పైడర్ అని దొరుకుతాయి. తెర మీద ఆనించి పెడితే అదే కొలిచి సరిచేస్తుంది. ఒక్కరే కొనక్కర్లేదు. మీ ఊళ్లో ఎడిటర్లు నలుగురు కలిసి కొనుక్కుంటే నెలకోసారి చేతులు మారితే సరిపోతుంది.

నిజామాబాద్ నుంచి ఒక సోదరి: అన్నయ్యగారూ, మా ఆయన యూట్యూబ్‌లో వంటల చానల్ నడుపుతారు. వండేది నేను, ఎడిట్ చేసేది ఆయన. రెండో మానిటర్ లేకపోతే పని సాగదంటున్నారు. ఇన్నాళ్లూ ఒకదానితోనే సాగింది కదా? ఇది అవసరమా, సోకా?

అమ్మా, నన్ను భలే ఇరుకులో పెట్టారు. ఆయన కూడా ఈ పేజీ చదువుతారు కదా.

నిజం చెప్పాలంటే ఎడిటింగ్‌లో రెండు తెరలు కొత్త సోకు కాదు, పాత అలవాటే. నేను 1996లో వీహెచ్ఎస్ క్యాసెట్లతో మొదలుపెట్టినప్పుడు ఒక వీసీఆర్‌లో షూట్ చేసిన క్యాసెట్ తిరిగేది, ఇంకో వీసీఆర్‌లో రికార్డింగ్ అయ్యేది. ఒక్కో దానికి ఒక్కో టీవీ. ఒకదాంట్లో ఉన్న సరుకు, రెండోదాంట్లో వండిన కూర అనుకోండి. కంప్యూటర్ వచ్చాక రెండూ ఒకే తెరలో ఇరికించారు. అందుకే ఆయన పొద్దస్తమానం తెర మీద కిటికీలు మూస్తూ తెరుస్తూ ఉంటారు. గట్టు మీద చోటు లేకుండా మీరు వంట చేస్తే ఎలా ఉంటుందో, ఆయనకి అలా ఉంది.

అయినా వెంటనే కొననివ్వకండి. ఓ వారం హాల్లో టీవీని హెచ్‌డీఎంఐ కేబుల్‌తో తగిలించుకోమనండి. పిక్చర్ మోడ్ 'వివిడ్' నుంచి తీసేసి 'మూవీ'లో పెట్టాలి. కదలికని నున్నగా చేసే ఆప్షన్ ఆపేయాలి. అంచులు కత్తిరించినట్టు కనపడితే ఆ ఇన్‌పుట్‌కి 'పీసీ' అని పేరు పెట్టాలి, లేదా 'జస్ట్ స్కాన్' లాంటి ఆప్షన్ ఆన్ చేయాలి. ప్రీమియర్ ప్రో వాడుతుంటే ప్రిఫరెన్సెస్‌లో ప్లేబ్యాక్ కింద మెర్క్యురీ ట్రాన్స్‌మిట్ అని ఉంటుంది. అక్కడ టీవీకి టిక్ పెడితే బొమ్మ ఒక్కటే నిండుగా టీవీలో వస్తుంది. డావిన్సీ రిజాల్వ్ అయితే వర్క్‌స్పేస్ మెనూలో డ్యూయల్ స్క్రీన్.

ఎనిమిదో రోజున టీవీ తీసేయండి. ఆయన విలవిల్లాడితే అవసరమే, కొనిపెట్టండి. రెండు రోజుల్లో మర్చిపోతే సోకు. ఒకవేళ కొంటే రెండు తెరల మధ్య అతుకు ముక్కుకి ఎదురుగా వచ్చేలా పెట్టొద్దని చెప్పండి. ఎక్కువసేపు చూసే తెర సరిగ్గా ఎదురుగా, రెండోది పక్కన కాస్త లోపలికి తిప్పి. పదేళ్లు అతుకు ఎదురుగా కూర్చున్న నా మెడ సాక్షిగా చెబుతున్నాను. ఆయన కూర్చుంటున్నది ప్లాస్టిక్ కుర్చీ అయితే మానిటర్ కంటే ముందు కుర్చీ కొనండి.

కాకినాడ: మండపం చుట్టూ కెమెరా తిప్పిన షాట్లు నా మానిటర్‌లో చిన్నగా కుదుపుతున్నట్టు కనపడుతున్నాయి. గింబల్ (కెమెరా వణక్కుండా పట్టే పరికరం) బాగానే ఉంది. గ్రాఫిక్స్ కార్డు మార్చాలా?

డబ్బు దాచుకోండి. మీరు తీసింది సెకనుకి 25 ఫ్రేములు (బొమ్మలు), మానిటర్ తిరిగేది 60 హెర్ట్జ్, అంటే సెకనుకి 60 సార్లు. అరవైని ఇరవై అయిదుతో భాగిస్తే రెండున్నరకి కాస్త తక్కువ వస్తుంది. అరముక్క ఫ్రేమ్ చూపించలేదు కాబట్టి మానిటర్ కొన్ని ఫ్రేముల్ని రెండుసార్లు, కొన్నింటిని మూడుసార్లు చూపిస్తూ సర్దుకుంటుంది. మెల్లగా పక్కకి తిరిగే షాట్‌లో ఆ సర్దుబాటే కుదుపులా కనపడుతుంది. డిస్‌ప్లే సెట్టింగుల్లో 50 లేదా 75 హెర్ట్జ్ ఉందేమో చూడండి. 50లో ప్రతి ఫ్రేము రెండుసార్లు, 75లో మూడుసార్లు సమానంగా పడుతుంది. పెట్టి చూశాక కూడా కుదుపుంటే అప్పుడు ఫుటేజీని, కంప్యూటర్‌ని అనుమానించండి.

అమెరికా, ఫ్రిస్కో నుంచి ఒక పాఠకుడు: ఇక్కడి తెలుగువాళ్ల ఫంక్షన్లు సరదాగా ఎడిట్ చేస్తుంటాను. ఎం1 మ్యాక్‌బుక్ ఎయిర్‌కి యూఎస్‌బీ-సీ హబ్ (ఒకే పోర్టుకి చాలా కేబుళ్లు తగిలించే పెట్టె) తగిలించి రెండు మానిటర్లు పెట్టాను. రెండింటిలోనూ ఒకే బొమ్మ వస్తోంది. హబ్ పాడైందా?

హబ్ మంచిదే, మీ మ్యాక్‌కే అంత వీలు లేదు. ఎం1, ఎం2 చిప్‌లున్న ఎయిర్‌లు బయట ఒక్క మానిటర్‌నే నడుపుతాయి. ఒకే కేబుల్ నుంచి హబ్ ద్వారా రెండు వేర్వేరు బొమ్మలు పంపే పద్ధతి విండోస్‌లో పనిచేస్తుంది, మ్యాక్‌లో చేయదు. అందుకే రెండింటిలో ఒకటే వస్తోంది. ఎం3 ఎయిర్‌లో మూత మూస్తే బయట రెండు నడుస్తాయి. ఎం4 ఎయిర్‌లో మూత తెరిచి ఉన్నా నడుస్తాయి.

డిస్‌ప్లేలింక్ అనే రకం అడాప్టర్ వేసి, దాని సాఫ్ట్‌వేర్ పెట్టుకుంటే మీ ఎం1లోనూ రెండోది వెలుగుతుంది. కానీ అది బొమ్మని కుదించి యూఎస్‌బీలో పంపుతుంది. ఆ తెర మీద ఫోల్డర్లు, వాట్సాప్ పెట్టుకోండి. రంగు చూసే పని మాత్రం నేరుగా తగిలించిన తెర మీదే చేయండి. నన్నడిగితే ల్యాప్‌టాప్ సొంత తెరనే రెండోదిగా వాడుకుని ఒక మానిటర్ తిరిగి ఇచ్చేయండి. ఎయిర్ తెర అంత తీసిపారేయాల్సిందేం కాదు.

హనుమకొండ: అన్నా, రెండో మానిటర్ హెచ్‌డీఎంఐతో పెట్టిన. పెళ్లికొడుకు నల్లకోటు ఒకదాంట్లో నల్లగా, ఇంకోదాంట్లో బూడిద లెక్క కనపడుతుంది. ఏది నమ్మాలె?

తమ్ముడూ, బూడిదగా ఉన్నదాన్ని ఇప్పుడే నమ్మకు, దాన్ని తిట్టకు కూడా. హెచ్‌డీఎంఐలో తగిలిస్తే గ్రాఫిక్స్ కార్డు ఒక్కోసారి మానిటర్‌ని టీవీ అనుకుంటుంది. టీవీ పద్ధతిలో నలుపు అంకె 16, తెలుపు 235. కంప్యూటర్ మానిటర్‌కి నలుపు సున్నా, తెలుపు 255. కార్డు 16 పంపి నలుపు అనుకుంటుంది, మానిటర్ దాన్ని బూడిదగా చూపిస్తుంది. ఎన్‌విడియా కంట్రోల్ ప్యానెల్‌లో చేంజ్ రిజల్యూషన్ పేజీలో అవుట్‌పుట్ డైనమిక్ రేంజ్ అని ఉంటుంది, లిమిటెడ్ నుంచి ఫుల్‌కి మార్చు. ఏఎండీ కార్డు అయితే పిక్సెల్ ఫార్మాట్‌లో ఫుల్ ఆర్‌జీబీ.

దాంతోపాటే 4కె తెర మీద మౌస్ ఆగి ఆగి కదులుతోందని రాశావు. పాత కేబులో, పాత పోర్టో అయి ఉంటుంది. హెచ్‌డీఎంఐ 1.4లో 4కె సెకనుకి 30 సార్లే మారుతుంది. 60 కావాలంటే 2.0 ఉండాలి, లేదా డిస్‌ప్లేపోర్ట్ వాడుకో.

అనంతపురం నుంచి ఒక విద్యార్థిని: సార్, నేను చేసేవన్నీ రీల్స్, షార్ట్స్. నిలువు బొమ్మ అడ్డం తెరలో సన్నగా పట్టీలా కనపడుతోంది. అల్ట్రావైడ్ మానిటర్ కొంటే బాగుంటుందా?

అల్ట్రావైడ్ ఇంకా అడ్డంగా ఉంటుందమ్మా! నీ పట్టీ పట్టీలానే ఉంటుంది, పక్కన ఖాళీ పెరుగుతుంది. నీకు కావాల్సింది చవకైన పని. 24 అంగుళాల 1920 బై 1080 ఐపీఎస్ మానిటర్ ఒకటి, స్టాండ్ నిలువుగా తిరిగేది చూసుకో. నిలువుగా తిప్పితే అది 1080 బై 1920 అవుతుంది. నీ రీల్ సైజు సరిగ్గా అదే. చుక్కకి చుక్క, ఒక్కటి కూడా ఎక్కువ తక్కువ లేకుండా తెర నిండుతుంది. ఆ అమరికలో ఉన్న తృప్తి చెబితే అర్థం కాదు, చూడాలి. నిలువుగా పెట్టడానికి టీఎన్ వద్దని ప్రత్యేకంగా చెబుతున్నాను. పైనుంచి కిందికి రంగు మారే జబ్బు నిలువుగా తిప్పితే కుడి నుంచి ఎడమకి వస్తుంది, ఒక కంటికి ఒకలా, ఇంకో కంటికి ఇంకోలా ఉంటుంది.

స్టాండ్ తిరగనిదైతే వెనకాల 100 మిల్లీమీటర్ల దూరంలో నాలుగు మరల రంధ్రాలున్నాయేమో చూడు. ఉంటే విడిగా చేయి లాంటి స్టాండ్ కొని బిగించుకోవచ్చు. టైమ్‌లైన్ మాత్రం అడ్డం తెర మీదే ఉంచు. చివర్లో వీడియో ఫోన్‌లోకి పంపి, వెలుగు సగానికి తగ్గించి ఒకసారి చూసుకో. నీ వీడియో చూసేవాళ్లు మానిటర్లో చూడరు.

నెల్లూరు: ఓఎల్ఈడీ మానిటర్ మంచి ఆఫర్లో వస్తోంది. హెచ్‌డీఆర్ కూడా ఉంది. తీసుకోమంటారా?

సినిమా చూడటానికి అయితే కళ్లు మూసుకుని తీసుకోమనేవాణ్ణి. ఎడిటింగ్‌కి కాస్త ఆలోచించండి. ఓఎల్ఈడీ తెరలో ప్రతి చుక్కా తనంతట తానే వెలుగుతుంది. మనం రోజుకి పది గంటలు అవే మెనూలు, అదే టైమ్‌లైన్ అక్కడే ఉంచుతాం. కదలని గుర్తులు ఏళ్ల తరబడి ఒకేచోట వెలిగితే ఓఎల్ఈడీలో వాటి నీడ మిగిలిపోయే ప్రమాదం ఉంది. కొనేట్టయితే బొమ్మ కోసమే వాడండి, టైమ్‌లైన్ పక్క తెరకి పంపండి, వారంటీలో ఈ మచ్చలకి భరోసా ఉందో లేదో చదవండి.

హెచ్‌డీఆర్ (మరీ వెలుగునీ మరీ చీకటినీ ఒకే బొమ్మలో చూపించే పద్ధతి) స్టిక్కర్ సంగతికొస్తే, అది మామూలు మానిటర్ల మీద కూడా ఉంటుంది. మామూలు ఎల్‌సీడీ తెర మీద డిస్‌ప్లేహెచ్‌డీఆర్ 400 అని మాత్రమే ఉంటే దాన్ని లేనట్టే లెక్కేయండి. అందులో చీకటి చోట వెనక లైటు విడిగా తగ్గించే ఏర్పాటు ఉండి తీరాలన్న నియమం లేదు. మీ ఐఫోన్ క్లిప్పులు టైమ్‌లైన్‌లో వేయగానే తెల్లగా పేలిపోతున్నాయన్నారు. అదీ హెచ్‌డీఆర్ గొడవే, మానిటర్‌ది కాదు. ఐఫోన్ 12 నుంచి వీడియో హెచ్‌డీఆర్‌లో తీసే ఆప్షన్ ఉంది. మీకు అక్కర్లేకపోతే ఫోన్ సెట్టింగుల్లో కెమెరా, రికార్డ్ వీడియో కింద హెచ్‌డీఆర్ వీడియో ఆపేయండి.

రాజమండ్రి: మంచి మానిటర్ కొన్నాను, పరికరంతో సరిచేయించాను కూడా. అయినా పొద్దున చేసిన రంగు రాత్రికి వేరేలా కనపడుతోంది. మానిటర్ మార్చి ఇవ్వమంటే షాపువాళ్లు ఒప్పుకోవట్లేదు. చాలా టెన్షన్‌గా ఉంది. గది ఫొటో పంపుతున్నాను.

ఫొటో చూశాను. షాపువాళ్లనేం అనకండి. మీ వెనకాల తూర్పు కిటికీ ఉంది, ఎదురు గోడకి చిలకపచ్చ రంగు వేయించారు, మానిటర్ పైనే దేవుడి పటం, దాని చుట్టూ ఎరుపూ నీలం మారుతూ వెలిగే సీరియల్ లైట్లు. పొద్దున ఎండ తెర మీద పడి నలుపు తేలిపోతుంది, మీరు కాంట్రాస్ట్ పెంచుతారు. రాత్రి అదే బొమ్మ మరీ మొరటుగా కనపడుతుంది. పచ్చ గోడని గంటసేపు చూసిన కన్ను తెలుపులో పచ్చని లెక్కేయడం మానేస్తుంది. అప్పుడు మనుషుల మొహాలు ఎర్రగా అనిపించి మీరు పచ్చ కలుపుతారు.

దేవుణ్ణి గదిలోనే, మీ వెనక గోడకి మార్చండి. లైట్లు పని అయ్యాక వేసుకోండి. మానిటర్ వెనక గోడ ఒక్కటైనా లేత బూడిద రంగు వేయించండి, అది కుదరకపోతే బూడిద రంగు దుప్పటి వేలాడదీసినా పర్లేదు, నేను నాలుగేళ్లు అలాగే చేశాను. మానిటర్ వెనక 6500 కెల్విన్ అని రాసి ఉన్న చిన్న ఎల్ఈడీ పెట్టి, మిగతా లైట్లు ఆపండి. వెలుగు విషయానికొస్తే టీవీ పద్ధతి వీడియోలకి చీకటి గదిలో 100 నిట్స్ (తెర వెలుగు కొలత) చాలు. కొత్త మానిటర్లు అంతకు రెండింతలు, మూడింతలు వెలిగేలా పెట్టి పంపుతారు, అందుకే సాయంత్రానికి కళ్లు మండేది. ముందు ఆ కిటికీకి మందపాటి కర్టెన్ వేయండి. పది రోజులు పొద్దునా రాత్రీ ఒకే క్లిప్ చూసి మళ్లీ రాయండి. అప్పటికీ తేడా ఉంటే షాపువాళ్లకి ఉత్తరం నేనే రాస్తాను.